రోళ్లపాడు ఇర్రి, దాని చెవిలో గోరువంక: నడిచి వెళ్లి తీసిన ఫొటోను ప్రదర్శనకు తీసుకోవాలా?

నల్లరేగడి (నిర్వాహకుడు):

వన్యప్రాణి వారోత్సవాలకు, అంటే అక్టోబరు 2 నుంచి 8 వరకు, కర్నూలులో మన సభ్యుల ఫొటోల ప్రదర్శన పెడుతున్నాం. వచ్చిన వాటిలో ఒక ఫొటో దగ్గర నిర్వాహకులమే రెండుగా చీలిపోయాం. అందుకే విషయం ఇక్కడికి తెచ్చాను.

రోళ్లపాడు అభయారణ్యం పక్క బీళ్లలో తీసిన ఫొటో అది. నల్లగా నిగనిగలాడే ముదురు ఇర్రి (మగ కృష్ణజింక), మెలి తిరిగిన కొమ్ముల వెనక గోరువంక, దాని ముక్కు ఇర్రి చెవిలో. కింద ‘అడవి వైద్యుడు’ అని శీర్షిక. వెలుతురుకు గానీ ఫోకస్‌కు గానీ వంక పెట్టలేం. అయితే బైకును రోడ్డు మీద ఆపి, గడ్డిలో నడుచుకుంటూ దగ్గరికి వెళ్లి తీశానని ఆ సభ్యుడే రాశాడు.

అలా బండి దిగి నడిచి తీసినవి తీసుకోవద్దని నా ప్రతిపాదన. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉంది. ఆ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, తరమడం కూడా. ఈ ఫొటోను గోడకు తగిలిస్తే వచ్చే ఏడాది పదిమంది గడ్డిలోకి దిగుతారు. మీ అభిప్రాయాలు చెప్పండి. తీసిన సభ్యుణ్ణి మాత్రం ఏమీ అనవద్దు. అడగకముందే ఉన్నదున్నట్టు చెప్పాడు.

దూరదృష్టి:

అన్నా, ఈ నియమం కారున్నవాళ్లు కూర్చుని రాసుకున్నట్టుంది. కారు కిటికీ మీద ఇసుక సంచి పెట్టి, దాని మీద 600 ఎంఎం లెన్సు ఆనించి, నీడలో కూర్చుని తీసేవాళ్లకు దిగాల్సిన పని లేదు. ఆ లెన్సు డబ్బుతో మా ఊళ్లో ఇల్లు లేస్తుంది. నా దగ్గరున్నది బైకు, 70-300 లెన్సు. రోడ్డు మీద నిలబడి తీస్తే ఇర్రి వేలెడంత వస్తుంది, పిట్ట అసలు కనిపించదు.

పైగా నల్లరేగడి నేల మీద ఎండ ఎక్కేకొద్దీ వేడిగాలి అలలు లేస్తాయి. ఎంత ఖరీదైన లెన్సయినా దూరం నుంచి తీస్తే బొమ్మ నీళ్లలో చూసినట్టు వణుకుతుంది. దూరంగా ఉండండి అనే సలహా పొద్దున ఒకటి రెండు గంటలకే పనికొస్తుంది.

ఇంకో మాట. గొర్రెల కాపరులు రోజంతా ఆ జింకల మధ్యే తిరుగుతారు. వాళ్లను చూసి పారిపోని జింక నన్ను చూసి ఎందుకు చెడిపోతుంది?

మిడుతూరు రైతు:

నేను ఫొటోలు తీయను. మా అల్లుడు తీస్తాడు, అతను చూపిస్తే చదివాను. చివరి ప్రశ్నకు జవాబు నా దగ్గర ఉంది బాబూ.

కాపరి రోజూ ఒకే వేళకు ఒకే దారిన పోతాడు. జింక వైపు చూడడు, ఆగడు, వంగడు. గొర్రెలు అడ్డదిడ్డంగా మేస్తూ పోతుంటే వాటి వెనక అతనూ పోతాడు. మీరు జింక కళ్లలోకి చూస్తూ, తిన్నగా, నాలుగడుగులు వేసి ఆగి, వంగి, మళ్లీ నాలుగడుగులు వేస్తారు. కుక్కయినా తోడేలయినా వచ్చేది అలాగే కదా. దానికి మీ చేతిలో కెమెరా ఉందో తుపాకీ ఉందో ఎలా తెలుస్తుంది?

జింకల మీద నాకు ప్రేమ పొంగిపొర్లుతోందని అనుకోకండి. మా శనగ పైరు చిగుళ్లు మేసిపోయేవి అవే. బీడులో తమ మానాన మేస్తున్న మందను మీరు లేపితే అది ఎటు పోతుంది? అభయారణ్యం మొత్తం కలిపి ఆరు చదరపు కిలోమీటర్ల చిల్లర. నాలుగు దూకులు దూకితే మా చేలే. మీకు ఫొటో మిగులుతుంది, మాకు రాత్రి కాపలా మిగులుతుంది. ఈ సంగతి మీ నియమాల్లో ఎక్కడైనా రాశారా?

పశువైద్యం, అనంతపురం:

నడకకు ముందు శీర్షిక సంగతి తేల్చాలి. ‘అడవి వైద్యుడు’ అని రాసి బడిపిల్లల ముందు పెట్టబోతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను, విసుక్కోవద్దు.

జంతువు మీద వాలే పక్షులన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. టీవీలో మనం చూసేది ఆఫ్రికా ఆక్స్‌పెకర్. ఎర్ర ముక్కుది ఒకటి, పసుపు ముక్కుది ఒకటి, ఉన్నవి రెండే జాతులు. రెండూ సహారా ఎడారికి దక్షిణాన ఉండేవే, మన దేశంలో లేవు. ఇంపాలా, కుడూ, జిరాఫీ, అడవిదున్న, ఖడ్గమృగం, వీటి ఒంటి మీదే వాటి బతుకు. వాడి గోళ్లతో పట్టుకుని, బిరుసు తోక ఆనించి, పక్కలకు నొక్కినట్టుండే ముక్కును కత్తెరలా ఆడిస్తూ వెంట్రుకల్లోంచి రక్తం తాగే గోమార్లను లాగుతాయి.

అంతటి పక్షి కూడా పూర్తి వైద్యుడు కాదు. పాల్ వీక్స్ అనే పరిశోధకుడు జింబాబ్వేలో పశువుల మీద పరీక్ష చేసి 2000లో ఫలితాలు ప్రచురించారు. కొన్నిటి మీద పక్షులు వాలకుండా చూశారు, కొన్నిటిని వదిలేశారు. పక్షులు వాలని పశువులకు పెద్ద గోమార్లు పెరిగిందేమీ లేదు. వాలిన వాటికి మాత్రం పుళ్లు మానకుండా ఉండిపోయాయి, పిట్టలు పొడిచి రక్తం తాగుతున్నాయి గనుక. చెవిలో గులిమి కూడా తింటాయి. అసలు నిండిన గోమారిలో ఆ పిట్టకు దొరికేదీ రక్తమే.

ఇక మన దగ్గర. చీలిన తోక నల్లపిట్ట ఏట్రింతకు జింక వీపు పురుగులను కనిపెట్టే మంచె మాత్రమే. గడ్డిలోంచి మిడత లేవగానే ఎగిరి పట్టుకుని మళ్లీ వచ్చి కూర్చుంటుంది. తెల్లటి పశువుల కొంగ కాళ్ల దగ్గరే తిరిగేదీ అందుకే. మేసే జంతువు వెంట ఉంటే దానికి తక్కువ అడుగులతో ఎక్కువ తిండి దొరుకుతుంది. ఆ బేరంలో జింకకు లాభమూ లేదు, నష్టమూ లేదు. గోరువంక, కాకి మాత్రం అప్పుడప్పుడు నిజంగానే గోమార్లను ఏరతాయి, పశువుల మీద చూస్తూనే ఉంటాం. కానీ గోమార్లు ఎక్కువగా పట్టేది చెవి లోపల, తోక కింద, గజ్జల్లో. వీపు మీద కూర్చున్న పిట్ట ముక్కు వీటిలో చాలా చోట్లకు అందదు. జింక తన పళ్లతో, వెనక గిట్టలతో గోక్కుని వదిలించుకునేదే ఎక్కువ.

ఈ ఫొటోలో ముక్కు చెవిలో ఉంది కాబట్టి ‘ఇర్రి చెవిలో వెతుకుతున్న గోరువంక’ అనండి. దొరికిందో లేదో ఫొటోలో కనిపించడం లేదు.

దూరదృష్టి:

డాక్టరు గారూ, శీర్షిక అంటే మనిషిని ఆపే మాట కావాలి. ‘వెతుకుతున్న గోరువంక’ అంటే ఎవరు ఆగుతారు? ఫొటో ముందు పిల్లవాడు ఆగితేనే కదా గోమార్ల గురించి చెప్పగలిగేది!

పశువైద్యం, అనంతపురం:

ఆగిన పిల్లవాడికి అబద్ధం చెప్పి పంపుతామా? నిజం అంతకంటే రుచిగానే ఉంది. రక్తం తాగే వైద్యుడని రాసి చూడండి, పిల్లలు కదలరు. కాకపోతే అది ఆఫ్రికా పిట్టకు రాయాలి.

నడక గురించి ఒక్క మాట. దక్షిణాఫ్రికాలో నల్ల ఖడ్గమృగాల మీద జరిగిన పరిశీలన 2020లో వచ్చింది. ఒంటి మీద ఆక్స్‌పెకర్లు ఉన్నవి, నడిచివస్తున్న మనిషిని లేనివాటి కంటే రెట్టింపుకు మించిన దూరం నుంచి పసిగట్టాయి. పిట్ట అరుపు విని తల తిప్పుతాయి. మన గోరువంక జింకను హెచ్చరిస్తుందని నేను అనను. మనిషికి బెదిరి అది ఎగిరినప్పుడు జింక తల ఎత్తడం మాత్రం మీరందరూ చూసే ఉంటారు. పిట్ట కూర్చునే ఉంది, జింక చెవి అప్పగించి నిలబడింది అంటే ఆ క్షణానికి ఆ మనిషికి ఏదీ బెదరలేదనే కదా. ఆ సభ్యుడి తరఫున ఇది కూడా చెప్పాలి.

గడ్డినేల:

ఆ క్షణానికి బెదరలేదు, సరే. దానికి ముందు, తర్వాత?

నడకకు నా అభ్యంతరం ఇర్రి గురించి కాదు, కాళ్ల కింద ఉన్నవాటి గురించి. లేడి ఈనిన తర్వాత పిల్లను గడ్డిలో దాచి దూరంగా మేస్తుంది. పిల్ల కదలకుండా పడుకుని ఉంటుంది, పక్కనే అడుగు వేసినా కనిపించదు. భరత పక్షులు గుడ్లు పెట్టేది నేల మీదే. రోళ్లపాడును 1988లో అభయారణ్యం చేసింది బట్టమేక పిట్ట కోసం, అదీ నేల మీద గుడ్డు పెట్టేదే. ఇప్పుడు అది దాదాపు కనుమరుగైంది, జింకలు మిగిలాయి. అలాంటి నేల మీద ఫోకస్ చూసుకుంటూ నడిచేవాడి కళ్లు కింద ఉండవు.

ముదురు ఇర్రి సంగతి వేరే. జతకట్టే కాలంలో అది ఒక జాగా పట్టుకుని, పెంటికలు ఒకేచోట వేస్తూ, కంటి కింద గ్రంథిని గడ్డి పరకలకు రాస్తూ కాపలా కాస్తుంది. దాన్ని అక్కడి నుంచి లేపితే పక్కన కాచుకున్న మరో ఇర్రి దూరుతుంది. రెండూ మళ్లీ కొట్లాడుకోవాలి. మనం మెమరీ కార్డు జేబులో వేసుకుని వచ్చేస్తాం.

అయినా నల్లరేగడి గారి నియమం నాకు నచ్చలేదు. బండి దిగకపోతే చాలు అంటే, జీపును గడ్డిలోకి తోలి మంద చుట్టూ తిప్పినవాడు పాస్ అవుతాడు. నడిచిన కుర్రవాడు ఫెయిల్. చక్రం పాదం కంటే మెత్తనా? నియమం దారి గురించి ఉండాలి, బండి గురించి కాదు. బండి అయినా కాళ్లయినా, ఉన్న బాట వదలకూడదు. అభయారణ్యం లోపలైతే ఫొటోలకు కూడా అటవీ శాఖ అనుమతి కావాలి, అది వేరే చెప్పనవసరం లేదు.

ఇంకొకటి అడగండి. పంపే ఫొటోకు ముందువి, వెనకవి కలిపి ఐదు ఫ్రేములు, దిద్దనివి, ఇమ్మనండి. జింక మేస్తూనో నెమరు వేస్తూనో ఉంటే తెలిసిపోతుంది. అన్నీ తలలెత్తి ఒకే దిక్కుకు చూస్తున్నా, ఒకటి గాల్లోకి నిట్టనిలువునా ఎగిరినా అదీ తెలిసిపోతుంది. ‘ఎగురుతున్న కృష్ణజింకలు’ అని మనం చప్పట్లు కొట్టే ఫొటోల్లో ఎన్నిటిలో అవి కెమెరాకు భయపడి ఎగురుతున్నాయో ఎవరైనా ఆలోచించారా?

నల్లరేగడి (నిర్వాహకుడు):

బాట వదలకూడదు అన్నది ఒప్పుకుంటాను. ఐదు ఫ్రేములతో చిక్కు ఉంది. మంచివి ఏరి పంపుతారు, చెడ్డవి తుడిచేస్తారు.

గడ్డినేల:

ఫైలు నంబర్లు, సమయాలు వరుసగా ఉండాలి అనండి. మధ్యలో ఖాళీ ఉంటే ఎందుకని అడగండి. అబద్ధం ఆడదలచినవాడు ఏ నియమానికైనా ఆడతాడు. బండి దిగలేదని మాత్రం ఆడడా?

మిడుతూరు రైతు:

అమ్మా, మీరు చెప్పింది బాగుంది. చేలోకి తరిమిన సంగతి మాత్రం ఐదు ఫ్రేముల్లో రాదు. వారోత్సవాల వేళకు మేం శనగ విత్తే పనిలో ఉంటాం. ప్రదర్శనలో జింక మేసిన చేను ఫొటో కూడా ఒకటి పెట్టండి. మా అల్లుడి దగ్గర ఉంది, గట్టు మీద నిలబడి తీశాడు, ఎవరినీ తరమలేదు.

నల్లరేగడి (నిర్వాహకుడు):

పంపించండి, పెడతాం. గోరువంక ఫొటో తీసిన సభ్యుణ్ణి వరుస ఫ్రేములు అడుగుతాను. ఆ ఫొటో నియమం రాకముందుది కాబట్టి బాట వదిలిన తప్పును ఈసారికి లెక్కలోకి తీసుకోం. జింక బెదరలేదని ఫ్రేముల్లో తేలితే శీర్షిక మార్చి పెడదాం, తేలకపోతే లేదు. నడిచి తీశాడన్న సంగతి కింద రాయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు. రాయాలని నేను, రాస్తే దారి చూపించినట్టవుతుందని మిగిలిన నిర్వాహకులు.

దూరదృష్టి:

రాయండి. బాట నియమానికి కూడా నేను సరే. కానీ ఐదు ఫ్రేములు కారులో వచ్చినవాళ్లూ ఇవ్వాలి. ముందు నిర్వాహకుల ఫొటోలతోనే మొదలుపెట్టండి. పోయినసారి ప్రదర్శన గుమ్మంలో పెట్టిన ఫొటోలో పన్నెండు జింకలూ తలెత్తి మన వైపే చూస్తున్నాయి.