మైకెలాంజెలో సానెట్‌లో ‘కొంచెత్తో’, ‘సుపెర్కియో’: ఈ మాటలకు తెలుగు ఏమిటి?

‘పాలరాతిలో దేవదూతను చూశాను, విడిపించేదాకా చెక్కాను’ అన్న మాట ఇటలీ శిల్పి మైకెలాంజెలో ఎక్కడ అన్నాడని గ్రూపులో ఒకరు అడిగారు. ఆయన ఉత్తరాల్లో గానీ కవితల్లో గానీ ఆ వాక్యం లేదు. దానికి కొంచెం దగ్గరగా వచ్చేది ఆయన రాసిన ఒక సానెట్, అంటే పద్నాలుగు పాదాల పద్యం. ఆ సానెట్‌ని పూర్తిగా చదివితే ఈ దేవదూత కథ నిలబడదని నా అభిప్రాయం. అందుకే మొత్తం తెలుగులో పెడుతున్నాను. ముందు మొదటి నాలుగు పాదాల ఇటాలియన్ మూలం, మన లిపిలో:

నోన్ హా లొట్టిమో అర్తిస్తా ఆల్కున్ కొంచెత్తో
కున్ మార్మో సోలో ఇన్ సే నోన్ చిర్కోన్‌స్క్రీవా
కోల్ సువో సుపెర్కియో, ఏ సోలో ఆ క్వెల్లో అర్రీవా
లా మాన్ కే ఉబ్బిదీషే అల్లింతెల్లెత్తో.

నా తెలుగు ఇది. ఛందస్సు జోలికి పోలేదు, అర్థం జారిపోకుండా చూసుకున్నాను, అంతే.

గొప్ప శిల్పికి కలిగే ఏ ఊహ అయినా
ఒక్క పాలరాయి తన మిగులుతో చుట్టి ఉంచుకున్నదే;
దాన్ని అందుకోగలిగేది
బుద్ధి మాట వినే చెయ్యి మాత్రమే.

నేను తప్పించుకోవాలనుకునే చెడు, నాకు దక్కుతుందనుకునే మంచి
అలాగే నీలో దాగి ఉన్నాయి, సొగసరీ, అభిమానవతీ, దివ్యమూర్తీ;
ఇక నేను బతకకుండా
నా పనితనం నేను కోరినదానికి ఎదురు తిరుగుతోంది.

కాబట్టి నా బాధకు తప్పు ప్రేమది కాదు, నీ అందానిది కాదు,
నీ కాఠిన్యానిది, అదృష్టానిది, నీ తిరస్కారానిది కాదు,
నా విధిదీ కాదు, నా రాతదీ కాదు,

నీ గుండెలో చావూ దయా ఒక్కసారే ఉన్నప్పుడు
మండిపోతూ కూడా నా అల్పమైన నేర్పు
అందులోంచి చావును తప్ప మరొకటి తీయలేకపోతే.

సాధారణంగా అందరూ మొదటి నాలుగు పాదాలు చెప్పి ఆపేస్తారు. అక్కడ ఆపితే ఇది శిల్పి గొప్పతనం గురించిన పద్యంలా ఉంటుంది. చివరిదాకా వెళ్తే ఇది చేతకానితనం ఒప్పుకున్న పద్యం. రాయిలో అన్నీ ఉన్నాయి, తీయడం నాకు రాలేదు అంటున్నాడు. ఆ మాట అంటున్నది డేవిడ్‌ని చెక్కిన మనిషి. నన్ను పట్టుకున్నది అదే.

ఈ సానెట్ మీద అప్పట్లోనే మన గ్రూపు చర్చలాంటిది ఒకటి జరిగింది. 1547లో ఫ్లోరెన్స్‌లో బెనెడెట్టో వార్కి అనే మానవతావాద పండితుడు ఫ్లోరెన్స్ అకాడమీలో దీని మీద ఒక ప్రసంగం మొత్తం చేశాడు, అదీ లాటిన్‌లో కాదు, తాము మాట్లాడుకునే టస్కన్ భాషలో. డాంటే, పెట్రార్క్ లాంటి పాత కవుల పద్యాలను వివరించుకునే చోట, బతికున్న ఒక శిల్పి పద్యాన్ని అరిస్టాటిల్ సాయంతో మాట మాట విడదీసి చెప్పాడు. రోమ్‌లో ఉన్న మైకెలాంజెలోకి అప్పటికి 72 ఏళ్లు. ప్రసంగం 1550లో అచ్చయింది. అది చదివాక ఆయన మిత్రుడు లూకా మార్తీనికి రాసిన ఉత్తరంలో, సానెట్ నాదే గానీ వ్యాఖ్యానం మాత్రం ఆకాశం నుంచి దిగింది అన్నాడు.

ఇక మొదటి మాట, ‘కొంచెత్తో’. గ్రీకులు ‘ఇదేయా’ అన్నదాన్నీ, లాటిన్‌లో ‘ఎగ్జెంప్లార్’ అన్నదాన్నీ, తాము ‘మొదెల్లో’ అనేదాన్నీ వార్కి దీనికి పక్కన పెట్టాడు. అంటే పని మొదలుపెట్టే ముందు మనసులో నిలిచిన రూపం. ‘భావం’ అంటే మరీ పలుచన. ‘భావన’ అంటే ధ్యానం వైపు పోతుంది. ‘ఆలోచన’కి ఆకారం లేదు. ‘ఊహ’లో కనీసం కళ్ల ముందు కట్టే గుణం ఉందని అది వేశాను. ఇంతకన్నా మంచి మాట ఉంటే చెప్పండి.

వ్యాఖ్య: ‘సుపెర్కియో’కి ‘మిగులు’ అన్నారు, బడ్జెట్ గుర్తొస్తోందండీ. మనకి ‘చెక్కు’ ఉంది కదా. దోసకాయ చెక్కు తీయడం అంటాం, విగ్రహం చెక్కడం అంటాం. పైనున్నదాన్ని తీసేయడం అన్న అర్థం ఆ మాటలోనే ఉంది. ‘తన చెక్కుతో చుట్టి’ అంటే పోదా?

జవాబు: ‘చెక్కు’ తట్టడం చాలా బాగుందండీ. పైగా మైకెలాంజెలో వార్కికి రాసిన ఉత్తరంలో చెప్పింది కూడా ఇదే: తీసివేస్తూ చేసేదే శిల్పం, చేర్చుకుంటూ పోయేది చిత్రలేఖనంలాంటిది అని. చిత్రం గొప్పదా, శిల్పం గొప్పదా అని వార్కి కళాకారులందరినీ అడిగాడు. వాసారి, పొంతోర్మో, బ్రొంజీనో, చెల్లీని జవాబులు రాశారు. మైకెలాంజెలో మాత్రం రెండూ ఒకే తెలివి నుంచి వస్తాయి కాబట్టి రాజీపడండి, ఈ వాదాలకు బొమ్మలు చేయడం కన్నా ఎక్కువ టైమ్ పోతోంది అన్నాడు.

అయినా ఇక్కడ ‘చెక్కు’ వేయడానికి నాకు మనసొప్పడం లేదు. దోసకాయ చెక్కు ఎక్కడ ఆగుతుందో కాయే చెబుతుంది. రాయి అలా చెప్పదు. ఏది ఎక్కువో, ఏది ఉండాలో తేల్చేది శిల్పి ఊహే. ‘సుపెర్కియో’ అంటే అవసరానికి మించినది. ‘మిగులు’ నచ్చకపోతే ‘అదనపు రాయి’ అనొచ్చు, కానీ పాదం చప్పబడుతుంది.

వ్యాఖ్య: మాస్టారూ, అలాగైతే బొమ్మ రాతిలో ముందే ఉన్నట్టా, శిల్పి చేసినట్టా? ముందే ఉంటే దేవదూత మాట తప్పేం కాదు కదా.

జవాబు: అసలు విషయం ఇదే. దేవదూత మాటలో రాతిలో ఉన్నది ఒకటే రూపం, అది బయటపడటానికి ఎదురుచూస్తోంది. సానెట్‌లో అలా లేదు. శిల్పి ఊహించగల రూపాల్లో రాయి పట్టుకోనిది లేదు అంటున్నాడు. అంటే ఒకే రాతిలో ఎన్నో ఉన్నాయి. అందుకే ఆమె గుండెలో చావూ దయా రెండూ ఒకేసారి ఉండగలిగాయి. ఒక్కటే ఉంటే నేర్పు ప్రసక్తే రాదు, నింద ఆమె మీదికే పోయేది. చివరి ఆరు పాదాల్లో ప్రేమ, అందం, అదృష్టం, విధి అన్నింటినీ నిర్దోషులుగా వదిలేసి తనొక్కడినే దోషిగా నిలబెట్టుకోవడానికి ఆ మొదటి పోలిక కావాలి.

రాతి సాక్ష్యం కూడా ఉంది. మిలాన్‌లో స్ఫోర్జా కోటలోని రొండనీని పియెతా చూడండి, చనిపోయిన క్రీస్తును పట్టుకున్న తల్లి మేరీ శిల్పం. 1564 ఫిబ్రవరిలో చనిపోయే ముందు రోజుల దాకా దాని మీద పనిచేశాడు. మధ్యలో ఊహ మార్చుకుని, అంతకుముందు చెక్కిన మేరీ ఒంట్లోంచే క్రీస్తు కొత్త రూపం తీశాడు. పాత రూపానికి చెందిన చెయ్యి ఒకటి, ఇప్పటి క్రీస్తుకి సంబంధం లేకుండా, పక్కన అలాగే నిలబడి ఉంది. ఒకే రాయి, రెండు ఊహలు.

వ్యాఖ్య: ఆ ‘సొగసరి’ వితోరియా కొలొన్నా అని చదివాను. నిజమేనా?

జవాబు: చాలామంది అలాగే అంటారు. ఆమె కవయిత్రి, ఆయనకు ఆత్మీయురాలు, 1547లోనే పోయింది. పద్యంలో మాత్రం పేరు లేదు. పేరు లేకుండా చదివినా నష్టం లేదని నాకనిపిస్తుంది. ఆయన కవితల విషయంలో ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. 1623లో తమ్ముడి మనవడు మొదటిసారి సంపుటంగా అచ్చువేసినప్పుడు మగవాళ్లను ఉద్దేశించిన చాలా చోట్ల ఆడవాళ్లుగా మార్చేశాడు. 1863లో చేజరే గ్వాస్తి అనే పండితుడు చేతిరాత ప్రతులు చూసి సరిచేసేదాకా జనం చదివింది ఆ మార్చిన పాఠమే. ఈ సానెట్ అంతకుముందే వార్కి పుస్తకంలో అచ్చయింది, ఇందులో ‘దోన్నా’ (స్త్రీ) అని మూలంలోనే ఉంది.

వ్యాఖ్య: ‘అల్పమైన నేర్పు’ బాలేదు. మూలంలో ఏముంది?

జవాబు: ‘బాస్సో ఇంజేన్యో’. ‘ఇంజేన్యో’ అంటే పుట్టుకతో వచ్చే తెలివి. ‘ప్రతిభ’ అనొచ్చు గానీ, రెండో చరణంలో ‘ఆర్తే’ని ‘పనితనం’ అన్నాను కదా, ఆ పనితనానికి దగ్గరగా ఉండే మాట కావాలని ‘నేర్పు’ దగ్గర ఆగాను. ‘కొద్దిపాటి ప్రజ్ఞ’ ఎలా ఉంటుంది? ‘అల్ప’కి బదులు అచ్చతెలుగు మాట ఎవరికైనా తడితే కింద రాయండి, ఆ పాదం మళ్లీ రాస్తాను.