ఆస్ట్రేలియాలో ఎన్నేళ్లున్నా మనం బయటివాళ్లమేనా? కొత్తగా వచ్చిన తమ్ముడికి జవాబులు

ప్రశ్న (కొత్త సభ్యుడు, మెల్‌బోర్న్):

అందరికీ నమస్కారం. పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీద వచ్చి కొన్ని నెలలైంది. ఉద్యోగం దొరికింది, టీమ్‌లో అందరూ బాగానే ఉంటారు. కానీ 2025 ఆగస్టు 31న వలసలకు వ్యతిరేకంగా జరిగిన ర్యాలీల గురించి, వాటి ప్రచారంలో ప్రత్యేకంగా భారతీయుల పేరెత్తడం గురించి చదివినప్పటి నుంచి మనసులో టెన్షన్‌గా ఉంది. సిటిజన్‌షిప్ తీసుకున్నా మనల్ని ఈ దేశం వాళ్లుగా చూడరా? రేపు పిల్లలకు ఏం చెప్పాలి? ఎప్పటి నుంచో ఉంటున్న పెద్దలు చెప్పండి.

జవాబు 1 (సిడ్నీ):

తమ్ముడూ, నీ భయం ఊరికే పుట్టింది కాదు. అలాగని ఆ ర్యాలీలే అసలైన ఆస్ట్రేలియా అనుకోకు. ఆస్ట్రేలియన్ అంటే ఎవరు అన్న గొడవ ఈ దేశం ఏర్పడిన ఏడాదిలోనే మొదలైంది. ఆ కథ తెలిస్తే ఈ రోజు వినిపించే మాటలు ఎక్కడి నుంచి వచ్చాయో అర్థమవుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1901 జనవరి 1న ఆరు బ్రిటిష్ కాలనీలు కలిసి ఒక దేశమయ్యాయి. కొత్త పార్లమెంటు ఆ ఏడాదే చేసిన చట్టాల్లో ఒకటి వలసల నియంత్రణ చట్టం. అందులో తెల్లవాళ్లు కానివాళ్లు రాకూడదని నేరుగా రాయలేదు. దానికి బదులు డిక్టేషన్ పరీక్ష పెట్టారు. అధికారి ఏదో ఒక యూరప్ భాషలో 50 పదాలు చదువుతాడు, వచ్చినవాడు తప్పు లేకుండా రాయాలి. భాషను ఎంచుకునేది అధికారే. వద్దనుకున్న మనిషికి రాని భాషను ఎంచుకుంటే చాలు, పని అయిపోతుంది. 1934లో ప్రేగ్‌లో పుట్టిన ఎగోన్ కిష్ అనే జర్నలిస్టు వచ్చాడు. తెల్లవాడే, కానీ నాజీలను వ్యతిరేకించే కమ్యూనిస్టు. చాలా భాషలు వచ్చు కాబట్టి అతనికి స్కాట్లాండ్ గేలిక్‌లో పరీక్ష పెట్టి ఫెయిల్ చేశారు. ఆ చట్టం చెప్పే అర్థంలో అది యూరప్ భాష కిందికి రాదని హైకోర్టు (ఈ దేశంలో అదే అత్యున్నత న్యాయస్థానం) తేల్చింది. చూశావా, గీత ఎక్కడ గీయాలో గీసేవాళ్ల ఇష్టం. అందుకే అది ఎప్పుడూ స్థిరంగా లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1949 జనవరి 26 వరకు చట్టపరంగా ఆస్ట్రేలియా పౌరసత్వం అనేదే లేదు. ఇక్కడ పుట్టినవాళ్లు కూడా బ్రిటిష్ ప్రజలే. ఆస్ట్రేలియన్ అంటే సముద్రానికి ఈవల ఉన్న బ్రిటిషర్ అనే లెక్క.

దాన్ని మార్చింది వలసలే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దేశానికి జనం కావాల్సి వచ్చింది. అప్పటి వలసల మంత్రి ఆర్థర్ కాల్వెల్, ఒక్కో పరాయి దేశస్థుడికి పదిమంది బ్రిటిష్ వాళ్లు వస్తారని ఆశ చూపించాడు. అంతమంది రాలేదు. దాంతో యూరప్ శరణార్థి శిబిరాల నుంచి బాల్టిక్ దేశాల వాళ్లను, పోలండ్, ఉక్రెయిన్ వాళ్లను తీసుకొచ్చారు. తర్వాత ఇటాలియన్లు, గ్రీకులు వచ్చారు. విక్టోరియాలోని బోనెగిల్లా వలసదారుల శిబిరం గుండా 1947 నుంచి 1971 దాకా మూడు లక్షల మందికి పైగా వెళ్లారు. 1949లో మొదలై 1974లో ముగిసిన స్నోయీ మౌంటెన్స్ జలవిద్యుత్ పథకంలో లక్ష మందికి పైగా పనిచేస్తే, అందులో దాదాపు మూడింట రెండు వంతులు 30కి పైగా దేశాల నుంచి వచ్చినవాళ్లు. యుద్ధంలో ఎదురెదురుగా నిలబడిన దేశాల వాళ్లు ఇక్కడ ఒకే సొరంగంలో పనిచేశారు. ఇది చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

వాళ్లను ఎర్ర తివాచీ పరిచి ఆహ్వానించారనుకోకు. భాష వదిలేయాలి, అలవాట్లు వదిలేయాలి, మాలో కలిసిపోవాలి అన్నారు. వాళ్లు ఇంగ్లిష్ నేర్చుకున్నారు కానీ తమవి వదల్లేదు. ఓట్లు వచ్చాయి, యూనియన్లలో చేరారు, పిల్లలు చదువుకున్నారు. చివరికి ప్రభుత్వాలే మారాల్సి వచ్చింది. 1966లో హెరాల్డ్ హోల్ట్ ప్రభుత్వం తెల్లవాళ్లు కానివాళ్ల మీద ఉన్న ఆంక్షలు సడలించింది. 1973లో గాఫ్ విట్లమ్ ప్రభుత్వం వలసల్లో జాతి లెక్కను పూర్తిగా తీసేసింది. 1975లో జాతి వివక్ష నిషేధ చట్టం వచ్చింది. ఆ కొద్దికాలానికే వియత్నాం శరణార్థులు పడవల్లో రావడం మొదలైంది. అప్పుడూ అదే మాట: "వీళ్లు మనతో కలవరు." 1984లోనూ, 1996లోనూ ఆసియా వాళ్ల మీద అదే చర్చ. ఇప్పుడు మన వంతు.

2021 జనగణన ప్రకారం ఈ దేశ జనాభాలో 27.6 శాతం విదేశాల్లో పుట్టినవాళ్లే. ఆ లెక్కలో ఇంగ్లండ్ తర్వాత ఎక్కువ మంది పుట్టిన విదేశం భారతే.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. మనవాళ్లలోనే కొందరు "మేం చదువుకుని, వీసా ఫీజు కట్టి వచ్చాం, శరణార్థులతో మాకు పోలికేంటి" అంటుంటారు. నాకు చాలా బాధేస్తుంది. "వీళ్లు మనలాంటివాళ్లు కాదు" అని ఒకప్పుడు ఇటాలియన్లను అన్నారు, వియత్నాం వాళ్లను అన్నారు. అదే మాట మనం పక్కవాడి మీద వాడితే, మన మీద వాడేవాళ్లకు జవాబు చెప్పే హక్కు మనకెక్కడ ఉంటుంది? నువ్వు ఆ గుంపులో చేరకు.

జవాబు 2 (బ్రిస్బేన్):

అన్నయ్య చెప్పిందంతా నిజమే, కానీ 1901 దగ్గర మొదలుపెడితే కథ సగమే తెలుస్తుంది. ఇక్కడి ఆదివాసులు వేల తరాలుగా ఉన్నారు. వాళ్ల దృష్టిలో మనమే కాదు, బ్రిటిష్ వాళ్లు కూడా వలస వచ్చినవాళ్లే. ఆదివాసులనూ దేశ జనాభా లెక్కలో చేర్చడానికి 1967లో రెఫరెండం పెట్టాల్సి వచ్చింది. 90 శాతానికి పైగా ఓటర్లు ఒప్పుకున్నారు. బ్రిటిష్ వాళ్లు ఇక్కడ వలస మొదలుపెట్టిన రోజుగా జరుపుకునే ఆస్ట్రేలియా డే, అంటే జనవరి 26, కొందరికి పండగ, కొందరికి దుఃఖ దినం ఎందుకో తెలుసుకో తమ్ముడూ. సభల మొదట్లో ఆ నేల ఆదివాసులను తలచుకుంటారు, అప్పుడు ఫోన్ చూసుకుంటూ కూర్చోకు.

పిల్లల సంగతి అడిగావు. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగు వచ్చినంత మాత్రాన తను తక్కువ ఆస్ట్రేలియన్ అయిపోదని చిన్నప్పటి నుంచే చెప్పాం. "సగం ఇది, సగం అది" అనే మాట ఇంట్లో వాడలేదు. రెండూ పూర్తిగా తనవే.

జవాబు 3 (పెర్త్):

నేను పనికొచ్చే వివరాలు రాస్తాను. సిటిజన్‌షిప్‌కు మామూలుగా నాలుగేళ్ల చట్టబద్ధమైన నివాసం కావాలి, అందులో చివరి 12 నెలలు పీఆర్ మీద ఉండాలి. పరీక్షలో 20 ప్రశ్నలు. కనీసం 15 సరిగ్గా రాయాలి, ఆస్ట్రేలియా విలువల మీద అడిగే 5 మాత్రం అన్నీ కరెక్ట్ కావాలి. ఆస్ట్రేలియా ద్వంద్వ పౌరసత్వానికి ఒప్పుకుంటుంది కానీ భారత్ ఒప్పుకోదు. కాబట్టి ఇక్కడి పౌరసత్వం వచ్చాక మన పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, తర్వాత ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు భారత్ ఇచ్చే కార్డు) అప్లై చేసుకోవచ్చు. ఆ రోజు మనసు బరువెక్కుతుంది, ఇంట్లో పెద్దవాళ్లతో ముందే మాట్లాడు. ఇక్కడ ఓటు వేయడం తప్పనిసరి, మానేస్తే జరిమానా. బ్రిటిష్ ఇండియాలో పుట్టినవాళ్లకు ఫెడరల్ ఓటు ఇచ్చింది 1925లో. అంతకుముందు దాని కోసం మనవాళ్లు ఇక్కడి కోర్టుల దాకా వెళ్లారు, కాబట్టి నీ ఓటును తేలిగ్గా తీసుకోకు.

ఆఫీసులోనో, ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడో జాతి కారణంగా ఎవరైనా వివక్ష చూపితే తేదీ, టైమ్, ఏం అన్నారో వెంటనే రాసిపెట్టుకో. అన్నయ్య చెప్పిన 1975 చట్టం కింద ఆస్ట్రేలియన్ హ్యూమన్ రైట్స్ కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. లాయర్ కూడా తప్పనిసరి కాదు. ఎవరైనా మీద పడి కొట్టే పరిస్థితి వస్తే మాత్రం వాదనకు దిగకుండా ఇక్కడి అత్యవసర నంబర్ 000కి ఫోన్ చెయ్యి.