వీడియో సమావేశాల్లో మైకు మ్యూట్ చేయడానికి నమ్మకమైన పద్ధతి ఏది?

ప్రశ్న (అంబాజీపేట దగ్గరి పల్లె నుంచి)

నమస్కారమండీ. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. మా పెరటి గోడ అవతల కొబ్బరికాయల రాశి ఉంటుంది. కూలీలు గునపాల మీద కాయలు ఒలవడం మొదలుపెడితే, పీచు చీలే చప్పుడు, ఒలిచిన కాయ రాశిలో పడే చప్పుడు మధ్యాహ్నం దాకా ఆగవు. అందుచేత జూమ్ సమావేశాల్లో నా వంతు వచ్చేదాకా మైకు మ్యూట్‌లోనే ఉంచుతాను.

గత సోమవారం తెర మీద మ్యూట్ తీసి మాట్లాడుతుండగా, ఏమీ వినిపించడం లేదని మేనేజరుగారు అన్నారు. తెర మీది బొత్తాన్ని ఎన్నిసార్లు నొక్కినా ఫలితం లేక, నా వంతు వేరొకరికి వెళ్లిపోయింది. హెడ్‌సెట్ తీగకున్న చిన్న మీట మ్యూట్‌లో ఉండిపోయిందని తరువాత తెలిసింది. అంతకుముందు నెలలో మైకు తెరిచి ఉన్న సంగతి గమనించక, మా అత్తగారు చీటీ డబ్బుల గురించి పక్కింటావిడతో అన్న మాటలు సమావేశంలో అందరి చెవినా పడ్డాయి. నేను లాప్‌టాప్ తెరిస్తే ఆవిడ ఇప్పుడు ఆ గదిలోకే రావడం లేదు. నన్ను ఎక్కువగా బాధిస్తున్నది అదే. ఈ రెండు పొరపాట్లూ జరగకుండా మీరు ఏ పద్ధతి పాటిస్తున్నారో చెప్పగలరు.

జవాబు 1 (భీమవరం నుంచి)

మీ ఇబ్బందికి మూలం రెండు మ్యూట్లు వాడడమేనండీ. తెర మీద మ్యూట్ చేసినప్పుడు యాప్‌కు ఆ సంగతి తెలుసు కాబట్టి, మీరు మాట్లాడితే 'మీరు మ్యూట్‌లో ఉన్నారు' అని హెచ్చరిస్తుంది. తీగ మీద మీట నొక్కితే శబ్దం యాప్‌దాకా చేరదు గనుక అది హెచ్చరించలేదు. కాబట్టి ఆ మీటను ఎప్పుడూ తెరిచే ఉంచి, తెర మీది బొత్తాన్నే వాడండి. సమావేశంలో చేరేటప్పుడే మైకు మ్యూట్‌లో ఉండేలా సెట్టింగ్స్‌లో ఒక్కసారి ఎంచుకుంటే చాలు. మాట్లాడేటప్పుడు స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే మైకు తెరుచుకుంటుంది, వేలు తీయగానే మూసుకుంటుంది. అయితే ఆ సమయానికి జూమ్ కిటికీయే ముందుండాలి. వేరే కిటికీలో టైపు చేస్తుంటే ఇది పనిచేయదు.

మా చెరువులో నీటికి గాలి అందించడానికి తిరిగే ఏరేటర్ల హోరులాంటి ఎడతెగని శబ్దాన్ని యాప్ చాలావరకు తగ్గిస్తుంది గాని, పక్కనున్న మనిషి గొంతును మాటగానే భావించి పంపేస్తుంది. అత్తగారి మాటలు వినిపించడానికి కారణం ఇదే కావచ్చు.

జవాబు 2 (రాజమహేంద్రవరం నుంచి, అధ్యాపకుడిని)

పై సలహా సరైనదే. తరగతిలో మాత్రం అందరినీ ఎప్పుడూ మ్యూట్‌లో ఉంచడం నాకు సమ్మతం కాదు; అర్థమైనప్పుడు పిల్లలు అనే 'ఆఁ' వినిపించకపోతే పాఠం గోడకు చెప్పినట్టే ఉంటుంది. పదిమంది లోపు ఉంటే మైకులు తెరవమనే అంటాను. ఒకే గదిలో ఇద్దరు రెండు ఫోన్లతో చేరితే మాత్రం ఒకరి స్పీకరు శబ్దం మరొకరి మైకులోకి వెళ్లి కీచుమంటుంది. అక్కడ ఒక ఫోనులో మైకూ స్పీకరూ రెండూ ఆపవలసిందే.

జవాబు 3 (నరసాపురం నుంచి)

ఇంటర్నెట్ లేక మామూలు ఫోను కాల్ ద్వారా జూమ్‌లో చేరేవారు నక్షత్రం గుర్తు, 6 నొక్కితే మ్యూట్ అవుతుంది. మళ్లీ అవే నొక్కితే తొలగుతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలండీ. తీగ మీది మీట కదలకుండా టేపు అంటించాను. మైకు బొమ్మ మీద ఎర్ర గీత ఉంటే మాట బయటకు వెళ్లదని మా అత్తగారికి చూపించాను. ఈ ఉదయం ఆవిడ గుమ్మంలో ఆగి, తెర వైపు చూసి, గీత ఉందని నిర్ధారించుకున్నాకే కాఫీ గ్లాసుతో లోపలికి వచ్చారు.