సేఫ్టీ ట్రైనింగ్ మన ప్రాణం కోసమా, కంపెనీ ఫైలు కోసమా?

పరవాడ బి-షిఫ్ట్:
మొన్న మా ప్లాంట్‌లో సేఫ్టీ క్లాసు. ఏసీ హాలు, గంటన్నర స్లైడ్లు, చివర్లో సంతకాలు. నా పక్కనున్న ఒడిశా కుర్రాడికి తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. వాడూ సంతకం పెట్టాడు. రేపు వాడికేమన్నా అయితే ఆ రిజిస్టర్ చూపించి, చెప్పాం కదా వినలేదు అంటారు. ఆ ఖర్చుతో కారుతున్న వాల్వులు మార్చమంటాను. తప్పా?

రిటైర్డ్ ఫోర్‌మన్:
సగం తప్పే తమ్ముడూ. ట్యాంకులో ఒకడు పడిపోతే వాణ్ణి తీద్దామని ఇంకొకడు దిగుతాడు, వాడి వెనక మూడోవాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు కొంచెముంటే కుళ్లిన గుడ్ల కంపు. ఎక్కువైతే ముక్కే మొద్దుబారిపోతుంది, గ్యాస్ పోయిందనుకుంటాం. తోటివాడు కళ్లముందు గిలగిలా కొట్టుకుంటుంటే స్లైడు గుర్తొస్తుందా? మేం ఖాళీ ట్యాంకులోకి ఇసుక బస్తా దించి, తాడుతో పైకి లాగించేవాళ్లం. మొదటిసారి 11 నిమిషాలు పట్టింది. మనిషైతే ఎప్పుడో పోయేవాడు. ఆ రోజు నుంచి తాడు లేకుండా ఎవడూ దిగలేదు.

గాజువాక వకీలు:
తాడు, ఊపిరి పరికరం, బయట తాడు పట్టుకునే మనిషి... ఇవన్నీ 1948 ఫ్యాక్టరీల చట్టం 36వ సెక్షన్‌లోనే రాశారు ఫోర్‌మన్ గారూ. కొనాల్సింది యాజమాన్యం. 2020 మే 7న విశాఖ ఎల్జీ పాలిమర్స్‌లో ట్యాంకులో స్టైరీన్ అనే, ప్లాస్టిక్ తయారీకి వాడే రసాయనం వేడెక్కి ఆవిరి బయటికొచ్చింది. 12 మంది పోయారు. ప్లాంటు పక్కనున్న వెంకటాపురంలో నిద్రపోతున్నవాళ్లకు ఏ ట్రైనింగ్ ఇచ్చి కాపాడతారు?

రిటైర్డ్ ఫోర్‌మన్:
ట్యాంకు వేడెక్కడం యాజమాన్యం పాపమే, కాదనను. కానీ ఆ ప్లాంట్‌లో సైరన్ బటన్లు ఉన్నాయి. ఎవరూ నొక్కలేదు. ఉత్తినే సైరన్ మోగిస్తే మేనేజర్ తిడతాడన్న భయం నా సర్వీసంతా చూశాను. ఆ భయం పోవాలంటే మేనేజర్‌ని కూడా డ్రిల్‌లో పరిగెత్తించాలి. ఆయన ఎప్పుడూ గొడుగు కింద నిలబడి టైము చూస్తుంటాడు!

గాజువాక వకీలు:
ఆ ఒక్క మాటా ఒప్పుకుంటాను. తిట్లు పడకుండా పని ఆపే హక్కు రాసివ్వని ట్రైనింగ్ నా దృష్టిలో సంతకాల సేకరణే.

పరవాడ బి-షిఫ్ట్:
ఇది చదివాక రాత్రి మా షిఫ్టులో అడిగాను, సైరన్ బటన్ ఎక్కడుందని. తొమ్మిది మందిలో ఇద్దరికి తెలుసు. అందులో ఒకడు ఆ ఒడిశా కుర్రాడు. నాకు తెలీదు.