కమ్యూనిటీ కాలేజీ క్రెడిట్లు ఇండస్ట్రియల్ టెక్నాలజీ బీఎస్‌లో ఎన్ని కలుస్తాయి? (నార్త్ కరోలినా)

సీఎన్‌సీ_శ్రీను:
రాలీ దగ్గర ఒక ప్లాంట్‌లో సీఎన్‌సీ మెషీన్ల మీద పని నాది. అక్క స్పాన్సర్ చేసిన గ్రీన్‌కార్డు మీద కుటుంబంతో వచ్చాను. ఇండియాలో పాలిటెక్నిక్ డిప్లొమా, మెకానికల్. ఇక్కడ షిఫ్టు అయ్యాక కమ్యూనిటీ కాలేజీకి వెళ్తూ మెకానికల్ ఇంజనీరింగ్ టెక్నాలజీలో ఏఏఎస్ (అసోసియేట్ ఇన్ అప్లైడ్ సైన్స్, రెండేళ్ల డిగ్రీ) చేస్తున్నాను, చివరికొచ్చింది. ఆపైన ఇండస్ట్రియల్ టెక్నాలజీలో బీఎస్ చేస్తే సూపర్‌వైజర్ పోస్టులకు అప్లై చేసుకోవచ్చని ఆలోచన. కాలేజీలో అడిగితే "అన్నీ ట్రాన్స్‌ఫర్ అవుతాయి" అన్నారు. ప్లాంట్‌లో ఒకాయన "సగం గాలికి పోతాయి, చూసుకో" అన్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఈ దారిలో వెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

గ్రీన్‌విల్_గోపి:
శ్రీను గారూ, ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. ముందు మన ఈసెట్ పద్ధతి మనసులోంచి తీసేయండి. అక్కడ డిప్లొమా మొత్తాన్నీ ఒక్క మూటగా లెక్కేసి బీటెక్ రెండో ఏడాదిలో కూర్చోబెడతారు. ఇక్కడ మామూలుగా ఒక్కో కోర్సునూ విడిగా చూస్తారు. చూసి తీసుకున్నా సరే, ఆ కోర్సు డిగ్రీకి కావలసిన వాటిలో ఒకదాని స్థానంలో కూర్చోవాలి. కూర్చోకపోతే క్రెడిట్ మీ ఖాతాలో ఉంటుంది, డిగ్రీ మాత్రం ఒక్క అంగుళం ముందుకు జరగదు.

ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలకూ యూఎన్‌సీ, అంటే రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీలకూ మధ్య సీఏఏ అనే క్రెడిట్ల ట్రాన్స్‌ఫర్ ఒప్పందం ఉంది, 2014లో కొత్తగా రాసుకున్నారు. అది ఏఏ (ఆర్ట్స్), ఏఎస్ (సైన్స్) అసోసియేట్ డిగ్రీలకు. ఆ డిగ్రీ పూర్తి చేసి, కోర్సుల్లో సి తగ్గకుండా ఉంటే జనరల్ ఎడ్యుకేషన్ అయిపోయినట్టే, జూనియర్‌గా, అంటే మూడో ఏడాదిలోకి తీసుకుంటారు. మీది ఏఏఎస్. నేరుగా ఉద్యోగంలోకి వెళ్లడానికి పెట్టిన డిగ్రీ కాబట్టి ఆ ఒప్పందం కిందికి రాదు. ఏదైనా యూనివర్సిటీ విడిగా ఒప్పుకుంటేనే పని జరుగుతుంది.

అలా ఒప్పుకునే చోటు మా ఊళ్లోనే ఉంది. ఈస్ట్ కరోలినా యూనివర్సిటీ వాళ్ల ఇండస్ట్రియల్ టెక్నాలజీ బీఎస్ ఏఏఎస్ చేసి వచ్చేవాళ్ల కోసమే పెట్టింది, ఆన్‌లైన్‌లో కూడా చేయొచ్చు. మీ మెషినింగ్, డ్రాఫ్టింగ్, హైడ్రాలిక్స్ కోర్సులు వేరేచోట అయితే ఎలెక్టివ్‌లుగా మిగిలిపోతాయి. ఇక్కడ వాటి మీదే మిగతా డిగ్రీ కడతారు.

కేరీ_కృష్ణవేణి:
మా అబ్బాయి సంగతి చెప్తాను. వాడు చేరింది వేరే యూనివర్సిటీ, పేరు వద్దులెండి. అడ్మిషన్ వచ్చాక క్రెడిట్ ఎవాల్యుయేషన్ అని ఒక షీటు పంపారు. ఎడమ వైపు కమ్యూనిటీ కాలేజీ కోర్సు, కుడి వైపు వాళ్ల దగ్గర దానికి సమానమైనది. ఈఎన్‌జీ 111, 112 ఎదురుగా వాళ్ల ఇంగ్లిష్ కోర్సుల నంబర్లు చక్కగా ఉన్నాయి. కిందికి వస్తుంటే నంబరు ఉండాల్సిన చోట అన్నీ ఎక్స్‌లే! ఎక్స్‌లు ఉన్నాయంటే క్రెడిట్ ఇచ్చారు గానీ దేనికీ సమానం కాదని అర్థం. మొత్తం క్రెడిట్లు చూస్తే కడుపు నిండినట్టుంటుంది. డిగ్రీకి ఇంకా ఏం కావాలో చూపించే డిగ్రీ ఆడిట్ తెరిస్తే సగం గడులు ఖాళీ.

లెక్కలు కూడా చూసుకోండి. టెక్నికల్ డిగ్రీల్లో మామూలుగా చెప్పించే ఎంఏటీ 121 సీఏఏ జాబితాలో లేదు. ఎంఏటీ 171 ఉంది. రెండింట్లోనూ ఆల్జీబ్రానే, కానీ ఒకటి యూనివర్సిటీ గుమ్మం దాటుతుంది, రెండోది దాటుతుందో లేదో వాళ్ల దయ. కాలేజీ చదువుకు అలవాటు చేసే ఏసీఏ కోర్సుల్లోనూ ఇదే గొడవ. 122 వెళ్తుంది, 111 వెళ్లదు.

హైస్కూల్ పిల్లలున్నవాళ్లకి ఒక మాట. జూనియర్, సీనియర్ (11, 12 తరగతుల) పిల్లలు కెరీర్ అండ్ కాలేజ్ ప్రామిస్ అనే రాష్ట్ర పథకం కింద కమ్యూనిటీ కాలేజీ కోర్సులు ట్యూషన్ ఫీజు లేకుండా చేసుకోవచ్చు. ఏ కోర్సు పడితే అది కాకుండా ట్రాన్స్‌ఫర్ వరసలోవి ఎంచుకోండి.

పాలిటెక్నిక్_పాతకాపు:
డిప్లొమా క్రెడిట్ల గురించి శ్రీను గారు అడగలేదు, నేనే చెప్తున్నా. ఎస్‌బీటీఈటీ మార్కుల మెమోలు పెట్టి కోర్సు వారీ ఎవాల్యుయేషన్ చేయించుకున్నాను. నాకు కొన్ని కలిశాయి. నాతోపాటు అదే బ్రాంచి చదివినవాడికి వేరే యూనివర్సిటీలో దాదాపు ఏమీ కలవలేదు. కాబట్టి ఏజెన్సీకి డబ్బు కట్టే ముందు, మీరు చేరబోయే యూనివర్సిటీ ఏ ఏజెన్సీ రిపోర్టు తీసుకుంటుందో అడగండి. సిలబస్ కాపీలు కూడా తెప్పించుకోండి. వర్క్‌షాప్ ప్రాక్టీస్ ఎన్ని గంటలు, అందులో ఏం చేయించారు అని అడిగితే చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

ఇంకోటి, కమ్యూనిటీ కాలేజీ మీ డిప్లొమాకి క్రెడిట్ ఇచ్చిందని యూనివర్సిటీ కూడా ఇవ్వాలని లేదు. వాళ్లు అసలు మెమోలు పట్టుకుని మళ్లీ మొదటినుంచి చూస్తారు.

అనూష_ఎఫ్1:
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఎఫ్1 మీద కమ్యూనిటీ కాలేజీలో ఉన్నాను. ఆ ఆన్‌లైన్ ప్రోగ్రామ్‌లో నేను చేరొచ్చా?

గ్రీన్‌విల్_గోపి:
పూర్తి ఆన్‌లైన్ అయితే కుదరదమ్మా. ఎఫ్1 వాళ్లకు ఫుల్‌టైమ్ లెక్కలో సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సు, అంటే 3 క్రెడిట్ల వరకే చెల్లుతుంది. క్యాంపస్‌లో క్లాసులు జరిగే ప్రోగ్రామ్ చూసుకో, మీ డీఎస్‌ఓతో, అంటే కాలేజీలో ఎఫ్1 వ్యవహారాలు చూసే అధికారితో మాట్లాడకుండా ఏదీ మార్చకు. హెచ్4 వాళ్లకు ఈ ఇబ్బంది లేదు, కానీ పిల్లలకైతే 21 నిండేసరికి ఆ స్టేటస్ పోతుంది. ఫెడరల్ ఎయిడ్ కూడా రాదు.

శానోజే_బాబాయ్:
మా కాలిఫోర్నియాలో ఈ తలనొప్పి కొంత తక్కువ. అసిస్ట్ అనే సైటులో ఏ కమ్యూనిటీ కాలేజీ కోర్సు ఏ యూనివర్సిటీలో దేనికి సమానమో పక్కపక్కనే చూపిస్తారు. ఫ్రెస్నో స్టేట్, కాల్ స్టేట్ ఎల్‌ఏ, రెండింట్లోనూ ఇండస్ట్రియల్ టెక్నాలజీ బీఎస్ ఉంది. అయితే కాల్ స్టేట్‌లు కమ్యూనిటీ కాలేజీ నుంచి 70 సెమిస్టర్ యూనిట్లకు మించి లెక్కేయవు. మా వాడలో ఒకతను ఆసక్తి కొద్దీ వెల్డింగ్, ఫొటోగ్రఫీ అంటూ చేస్తూ పోయాడు. నేర్చుకున్నది ఎక్కడికీ పోదనుకోండి, యూనిట్లే మిగలలేదు.

క్వాలిటీ_రమణ:
ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతా. శ్రీను గారూ, మీకు కావలసింది ఇండస్ట్రియల్ టెక్నాలజీయేనా? ఇంజనీరింగ్ టెక్నాలజీ వేరు, దానికి ఏబెట్ అనే సంస్థ గుర్తింపు చూస్తారు. ఇండస్ట్రియల్ టెక్నాలజీ ప్రోగ్రాములకు మామూలుగా ఉండేది ఆట్మే అనే మరో సంస్థ గుర్తింపు. రేపు పీఈ (ప్రొఫెషనల్ ఇంజనీర్) లైసెన్సు కావాలంటే ఈ రెండో దారిలో కష్టం. ప్లాంట్‌లో సూపర్‌వైజర్, క్వాలిటీ, ప్రొడక్షన్ ప్లానింగ్ వైపు అయితే ఇదే సరైనది. నా టీమ్‌లో ఈ డిగ్రీ చేసినవాళ్లున్నారు, షాప్ ఫ్లోర్ మీద మాట చెల్లించుకోవడంలో వాళ్లకు వాళ్లే సాటి. బంధువుల ఇళ్లలో మాత్రం "ఇంజనీరింగ్ కాదా?" అని అడుగుతారు, దానికి సిద్ధంగా ఉండండి.

ఇంజనీరింగ్ టెక్నాలజీయే కావాలంటే వెస్ట్రన్ కరోలినాలో ఉంది. ఎన్‌సీ ప్రామిస్ అనే రాష్ట్ర పథకం కింద ఇన్‌స్టేట్ వాళ్లకు, అంటే రాష్ట్ర నివాసులకు ట్యూషన్ సెమిస్టర్‌కు 500 డాలర్లే, మిగతా ఫీజులు వేరే. కానీ మీ ఏఏఎస్‌లో లెక్కలు, ఫిజిక్స్ ఏ స్థాయివో అక్కడ గట్టిగా చూస్తారు.

సీఎన్‌సీ_శ్రీను:
పీఈ ఆలోచన లేదండీ. మెషీన్ దగ్గర నిలబడే వయసు దాటకముందే ఆఫీసు వైపు జరగాలి, అంతే. కృష్ణవేణి గారు చెప్పింది చదివి ట్రాన్‌స్క్రిప్టు తీశాను. నాదీ ఎంఏటీ 121యే. ఎంఈసీ 111 (మెషినింగ్), డీఎఫ్‌టీ 151 (డ్రాఫ్టింగ్), హెచ్‌వైడీ 110 (హైడ్రాలిక్స్), ఐఎస్‌సీ 112 (సేఫ్టీ) అన్నీ బి పైనే ఉన్నాయి. ఇప్పుడు ఎంఏటీ 171 కూడా ఇక్కడే చేసేయాలా, అక్కడికి వెళ్లాక చేయాలా?

గ్రీన్‌విల్_గోపి:
ముందు ఆ ప్రోగ్రామ్ అడ్వైజర్‌కు అనఫీషియల్ ట్రాన్‌స్క్రిప్టు పంపి, 121 సరిపోతుందా అని ఈమెయిల్‌లో అడగండి. ఫోన్‌లో కాదు, రాతపూర్వకంగా. చాలదంటే 171 ఇక్కడే చేయండి. కమ్యూనిటీ కాలేజీలో ఇన్‌స్టేట్ క్రెడిట్ 76 డాలర్లు, యూనివర్సిటీలో అంతకు రాదు. పబ్లిక్ స్పీకింగ్, సీఓఎం 231, మిగిలి ఉంటే అది కూడా అడిగి ఇక్కడే కానిచ్చేయండి.

అలాగని అన్నీ ఇక్కడే చేద్దామంటే కుదరదు. మన ప్రాంతం యూనివర్సిటీలకు గుర్తింపు ఇచ్చే సంస్థ నిబంధన ప్రకారం డిగ్రీలో కనీసం 25 శాతం క్రెడిట్లు డిగ్రీ ఇచ్చేచోటే చేయాలి, 120కి 30 అన్నమాట. జూనియర్, సీనియర్ స్థాయి కోర్సులకు కూడా ఇక్కడివి చాలవు. ఫెడరల్ ఎయిడ్ ఫారం, ఎఫ్‌ఏఎఫ్‌ఎస్‌ఏ, నింపుతున్నారా? గ్రీన్‌కార్డు కాబట్టి తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంటుకు అప్లై చేసుకోవచ్చు, కానీ జీవితం మొత్తానికి 12 ఫుల్‌టైమ్ సెమిస్టర్లకు సమానమే ఇస్తారు. అవసరంలేని కోర్సుల మీద దాన్ని కరిగించకండి.

కేరీ_కృష్ణవేణి:
ఆర్‌డీఎస్ (రాష్ట్ర నివాసాన్ని నిర్ధారించే సర్వీసు) ఇచ్చిన నంబరు కూడా దగ్గర పెట్టుకోండి శ్రీను గారూ. ఇన్‌స్టేట్ అని కమ్యూనిటీ కాలేజీకి చూపించిన ఆ నంబరునే యూనివర్సిటీ అప్లికేషన్‌లోనూ అడుగుతారు. మా వాడిది ఎక్కడో పాత ఈమెయిల్‌లో ఉండిపోయి రాత్రంతా వెతికాం.

సీఎన్‌సీ_శ్రీను:
నంబరు ఫోన్‌లో సేవ్ చేశాను. అడ్వైజర్‌కు ఈమెయిల్ కూడా పంపాను, సేఫ్టీ కోర్సు దేనికి లెక్కేస్తారో కూడా అందులోనే అడిగాను. ఇంకో సందేహం. ఇక్కడి జీపీఏ అక్కడికి వస్తుందా?

గ్రీన్‌విల్_గోపి:
అడ్మిషన్‌కు చూస్తారు. చేరాక చాలాచోట్ల క్రెడిట్లు మాత్రమే వస్తాయి, జీపీఏ కొత్తగా మొదలవుతుంది. అఫీషియల్ ట్రాన్‌స్క్రిప్టు చివరి గ్రేడ్లు పడి, ఏఏఎస్ వచ్చినట్టు దాని మీద నమోదయ్యాక మళ్లీ ఒకసారి పంపండి. ముందే పంపిన దాంట్లో ఆ లైను ఉండదు. ఈ ప్రోగ్రామ్‌కు ఆ లైనే ముఖ్యం.