కోల్‌కతా సౌత్ పార్క్ స్ట్రీట్ స్మశానంలో ఏ సమాధులు చూడాలి?

ఖరగ్‌పూర్ తెలుగు:
వచ్చే నెల నాన్నగారు మా ఇంటికి వస్తున్నారు. రాతి మీద అక్షరాలు కనిపిస్తే చాలు, చదవందే కదలరు ఆయన. పార్క్ స్ట్రీట్‌లో ఉన్న పాత ఇంగ్లీషువాళ్ల స్మశానానికి తీసుకెళ్దామనుకుంటున్నాను, కానీ లోపల వందల కొద్దీ సమాధులున్నాయంటున్నారు, మోకాళ్ల నొప్పులతో అన్నీ తిరగలేరు. ముఖ్యంగా ఏవి చూపించాలి? రాతలు చదివేలా ఉన్నాయా? కాస్త చరిత్ర కూడా చెప్పండి.

పాతరాతలు:
తప్పకుండా తీసుకెళ్లండి. ఈ స్మశానం 1767లో మొదలైంది, అప్పటికి అది ఊరి చివర. ఇప్పుడేమో నడి ఊళ్లో పెద్ద చెట్ల కింద ఇటుకా సున్నంతో కట్టిన పిరమిడ్లు, స్తూపాలు, గుమ్మటాలు పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. ముందుగా సర్ విలియం జోన్స్ దగ్గరికి వెళ్లండి, ఆకాశంలోకి లేచిన స్తంభం కాబట్టి వెతకక్కర్లేదు. 1784లో ఆసియా చరిత్ర, భాషల మీద పరిశోధన కోసం ఏషియాటిక్ సొసైటీ అనే సంఘం పెట్టిన జడ్జి ఆయనే, 1794లో 47 ఏళ్లకే పోయారు. తన సమాధి కోసం తనే రాసుకున్న మాటల్లో, దేవుడికి భయపడ్డాడు గానీ చావుకి భయపడలేదు, నీచులూ అన్యాయం చేసేవాళ్లూ తప్ప తనకన్నా తక్కువవాళ్లెవరూ లేరనుకున్నాడు, అని ఉంటుంది. నాన్నగారికి అది నచ్చుతుంది. తర్వాత డెరోజియో: హిందూ కాలేజీలో పాఠాలు చెప్పి బెంగాలీ కుర్రాళ్లకి ప్రశ్నించడం నేర్పిన కవి, 1831లో కలరాతో పోయేనాటికి 22 ఏళ్లు. హిందూ ఆచారాలు పాటించడం వల్ల హిందూ స్టూవర్ట్ అని పిలిచే, 1828లో పోయిన ఐరిష్ సైనికాధికారి సమాధిని అచ్చం గుడిలాగే కట్టారు, అదీ వదలొద్దు.

శ్రీకాకుళం సుజాత:
పైన చెప్పినవన్నీ నిజమే గానీ పెద్ద పేర్ల దగ్గరే ఆగిపోతే సగం చూసినట్టే అని నా అభిప్రాయం. ఏదో ఒక వరుస పట్టుకుని పలకల మీద వయసులు మాత్రం చదువుకుంటూ వెళ్లండి. కాన్పులో పోయిన తల్లులు, నెలల పిల్లలు, ఉద్యోగానికని ఓడ దిగి జ్వరంతో పోయిన కుర్రాళ్లు... రోజ్ ఎల్మర్ 1800లో పోయేసరికి ఇరవయ్యేళ్లు, ఆమె మీద ఇంగ్లండులో కవిత రాశారు కాబట్టి జనానికి తెలుసు, పక్కనున్న ఎంతోమంది ఆడవాళ్లకి ఫలానావారి భార్య అన్న వాక్యమే మిగిలింది. అంత పెద్ద పెద్ద కట్టడాలు లేపిన మేస్త్రీల పేర్లు ఎక్కడా కనిపించవు, నాకు చాలా బాధనిపించే విషయం అది.

ఖరగ్‌పూర్ తెలుగు:
సుజాతగారూ, ఈ మాట నాన్నగారికి చదివి వినిపించాను, "ముందు ఆ వరుసలే చూద్దాం" అన్నారు. దగ్గర్లో ఇంకేమైనా ఉన్నాయా?

కొండరాయి:
ఓపిక ఉంటే సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో జాబ్ చార్నాక్ సమాధి చూపించండి, కోల్‌కతాకి పునాది వేశాడని చెప్పుకునే ఈస్టిండియా కంపెనీ అధికారి ఆయన. దాని మీద రాత లాటిన్‌లో ఉంటుంది. తనది కాని నేల మీద చాలాకాలం తిరిగి తిరిగి శాశ్వతమైన ఇంటికి వెళ్లిపోయాడని, తేదీ 1692 జనవరి 10 అని రాశారు. అప్పట్లో ఇంగ్లీషువాళ్లకి కొత్త సంవత్సరం మార్చిలో వచ్చేది కాబట్టి మన లెక్కలో అది 1693. ఇంకో సంగతి, ఈ పాలరాతి కింద ఉన్నాడని అందులో చెక్కారు గానీ అది పాలరాయి కానే కాదు, మద్రాసు దగ్గరి పల్లావరం వైపు నుంచి వచ్చిందనే నల్లరాయి. భూగర్భ శాస్త్రవేత్త హాలండ్ ఆ పలకను పరీక్షించి ఈ జాతి రాతికి చార్నకైట్ అని పేరు పెట్టాడు. మన విశాఖ వైపు తూర్పు కనుమల్లో ఉన్నదీ ఈ జాతి రాయే, అందుకే నాకు ఆ సమాధంటే అంత ఇష్టం.

పాతరాతలు:
రాతలు చదవడం గురించి అడిగారు కదా, మర్చిపోయాను. నాచు పట్టి చాలా పలకలు అరిగిపోయాయి. పొద్దున్నే వెళ్తే ఎండ ఏటవాలుగా పడి అక్షరాల లోతు తెలుస్తుంది, లేదంటే ఫోన్ టార్చి పక్కనుంచి పట్టుకోండి. సుద్ద రాయడం, గోకడం మాత్రం వద్దు. వానాకాలమైతే దారులు జారతాయి, నాన్నగారికి చేతికర్ర ఉండాలి, దోమల మందు కూడా.