ఏడిపించే కథ గొప్పదా, ఏడ్వనివ్వని కథ గొప్పదా?

మేడమీదగది (చర్చ ప్రారంభం)

గత నెలలో వారం రోజుల తేడాతో రెండు కొరియన్ ప్రేమకథలు చూశాను. మొదటిది 2002లో కేబీఎస్ ఛానల్లో 20 ఎపిసోడ్లుగా వచ్చిన ‘వింటర్ సొనాటా’. రెండవది 1998లో హుర్ జిన్-హో దర్శకత్వంలో వచ్చిన ‘క్రిస్మస్ ఇన్ ఆగస్ట్’ అనే సినిమా. మొదటిదానికి ఏడ్చిన ఏడుపుకు లెక్క లేదు. బడి రోజుల్లో చనిపోయాడనుకున్న ప్రేమికుడు పదేళ్ళ తరువాత, కథానాయిక తన నిశ్చితార్థానికి వెళ్ళవలసిన రోజునే, మంచు కురుస్తున్న వీధిలో అదే ముఖంతో ఎదురుపడితే ఆమె చూసే చూపుకే నా గొంతు పూడుకుపోయింది.

రెండవదానికి ఒక్క చుక్క రాలేదు. అందులో చిన్న ఫోటో స్టూడియో నడుపుకునే మనిషికి తాను ఎక్కువ కాలం బతకనని తెలుసు. తప్పుగా నిలిపిన బండ్లకు జరిమానా వేసే ఉద్యోగంలో ఉన్న ఒక అమ్మాయి, ఆ బండ్ల ఫోటోలు కడిగించుకోవడానికి అతని దగ్గరకు వస్తూ పోతూ ఉంటుంది. ఇద్దరికీ ఇష్టం కలుగుతుంది. జబ్బు సంగతి అతను ఆమెకు చివరిదాకా చెప్పడు. తాను పోయాక తండ్రి వీసీఆర్ ఎలా నడుపుకుంటాడోనని రిమోటు వాడకం నేర్పబోయి, ఆయనకు ఎంతకీ అర్థం కాకపోయేసరికి విసుక్కుని లేచిపోయి, తరువాత ఒంటరిగా కూర్చుని ఏ మీట తరువాత ఏ మీట నొక్కాలో కాగితం మీద రాసిపెడతాడు. అక్కడ కూడా నేను ఏడవలేదు. అయితే మూడు రోజుల తరువాత, మా నాన్నగారికి ఫోనులో గ్యాస్ బుక్ చేయడం నేర్పుతూ నేర్పుతూ, ఉన్నట్టుండి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని నిలబడిపోయాను.

చూస్తున్నంతసేపూ కన్నీళ్ళు పెట్టించి, అయిపోగానే వదిలేసే కథ గొప్పదా? ఆ క్షణాన ఏమీ అడగకుండా వెంట వచ్చే కథ గొప్పదా? మొదటి రకం కన్నీళ్ళు ఉత్తివని మా ఇంట్లో అందరూ తేల్చేశారు. నాకు ఆ తీర్పు మింగుడుపడటం లేదు.

నేలటికెట్టు

మీ ఇంట్లోవాళ్ళ పక్షాన ఒకరు మాట్లాడాలి కనుక నేను మాట్లాడతాను. తెనాలిలో పద్నాలుగేళ్ళు వీడియో క్యాసెట్లు అద్దెకిచ్చే దుకాణం నడిపాను. ‘ఏదైనా మంచి ఏడుపు సినిమా ఇవ్వండి’ అని నోరు తెరిచి అడిగేవారు ఉండేవారు. అడిగినవారికి అడిగిన సరుకు ఇచ్చేవాణ్ణి, తప్పు పట్టలేదు. కానీ సరుకును సరుకు అనాలి. మీరు చెప్పిన ధారావాహికలో ఏమున్నదో ఒకసారి వరుసగా పెట్టి చూడండి: ఒక కారు ప్రమాదం, మతిమరుపు, ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలేమోనన్న అనుమానం, మరొక ప్రమాదం, చివరికి చూపు పోవడం. ఇవి ఒక మనిషి జీవితంలో జరిగినవి కావు. చూసేవారి కళ్ళను దృష్టిలో పెట్టుకుని పేర్చినవి.

ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. కొరియావారి దగ్గరే దీనికి ‘సిన్ఫా’ అనే మాట ఉంది. ఇప్పుడు అక్కడి విమర్శకులు ఆ మాటను దాదాపు తిట్టులాగే వాడతారు. అది మొదట జపానులోని ‘షింపా’ నాటక ధోరణి పేరు. 1911 ప్రాంతంలో, జపాను ఏలుబడిలో ఉన్న కొరియాకు నాటక సమాజాలతో పాటు వచ్చింది. 1913లో వచ్చిన ‘జాంగ్‌హాన్‌మోంగ్’ నవలలో పేద విద్యార్థిని ప్రేమించిన అమ్మాయి వజ్రపుటుంగరానికి లొంగి ధనవంతుణ్ణి పెళ్ళాడుతుంది. అది ఓజాకి కోయో రాసిన జపనీస్ నవలకు అనుసరణ. అక్కడ అటామి సముద్రతీరంలో జరిగిన వీడ్కోలు ఇక్కడ ప్యాంగ్యాంగ్‌లోని తేదాంగ్ నది ఒడ్డుకు మారింది. ఊరు మారినా ఏడుపు మారలేదు. ఒక దేశం నుంచి ఇంకొక దేశానికి చెక్కుచెదరకుండా తరలించగలిగిన దుఃఖాన్ని అచ్చు పోసిన దుఃఖం అనకుండా మరేమనాలి?

సంగీతం మాట కూడా చెబుతాను. హాంకాంగ్ దర్శకుడు వాంగ్ కార్-వై తీసిన ప్రేమకథ ‘ఇన్ ద మూడ్ ఫర్ లవ్’ (2000) లో, కథానాయిక చేతిలో క్యాను పట్టుకుని నూడుల్స్ కోసం ఇరుకు మెట్లు దిగుతుంటే వినిపించే వయొలిన్ బాణీకి కరగనివారు లేరు. షిగేరు ఉమెబయాషి ఆ బాణీ కట్టినది ఆ సినిమాకు కాదు, 1991లో సెయ్‌జున్ సుజుకి తీసిన వేరొక సినిమాకు. అంటే మనం ఆ ఇద్దరి కథకు కరిగామా, ఎక్కడ పెట్టినా కరిగించే బాణీకి కరిగామా?

ఎపిసోడ్16

కొరియన్ల రక్తంలోనే ‘హాన్’ అనే తీరని దుఃఖం ఉందట, అందుకే వారి కథలు మనల్ని అంతగా కదిలిస్తాయని చాలాచోట్ల చదివాను. అచ్చు పోసినది అనడం అన్యాయం.

పంతులుగారిమనవడు

‘రక్తంలోనే ఉంది’ అనే మాట దగ్గర కొంచెం జాగ్రత్త అవసరం, ఎపిసోడ్16 గారూ. కొరియా కళలో ఉన్నది దుఃఖ సౌందర్యమని గట్టిగా ప్రచారం చేసినవారిలో ముఖ్యుడు యనాగి మునెయోషి అనే జపాను రచయిత. ఆయన అది రాసింది జపాను కొరియాను పాలిస్తున్న కాలంలో. ఆయనకు కొరియా కళపై నిజమైన ప్రేమ ఉన్నా, పాలకుల దేశంవాడు పాలితులకు దుఃఖమే మీ స్వభావమని చెప్పడాన్ని తరువాతి కొరియన్ విమర్శకులు తప్పుపట్టారు.

ఇక అసలు ప్రశ్న. నేలటికెట్టు గారు మతిమరుపును, చనిపోయినవాడు తిరిగి రావడాన్ని చౌకబారు ఎత్తుగడలుగా కొట్టేశారు. ఈ ఎత్తుగడకు మన అలంకార శాస్త్రంలో పేరూ ఉంది, పీటా ఉంది. కరుణ రసానికీ విప్రలంభ శృంగారానికీ, అంటే ఎడబాటులోని ప్రేమకూ, నాట్యశాస్త్రంలో భరతుడు చెప్పిన తేడా ఒక్క మాటలో తేలిపోతుంది: కరుణ నిరపేక్షం, విప్రలంభం సాపేక్షం. మళ్ళీ కలుస్తామన్న ఆశ తెగిపోతే కరుణ. ఆశ మిగిలి ఉంటే, ఎంత ఏడ్చినా అది ప్రేమ విభాగంలోనిదే. ఈ రెండింటి నడుమ విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో కరుణ విప్రలంభం అనే భేదాన్ని చెప్పాడు. ప్రేమికులలో ఒకరు మరణించినా తిరిగి కలిసే అవకాశం మిగిలి ఉన్న స్థితి అది. బాణుడి కాదంబరిలో పుండరీకుడు పోయాక మహాశ్వేత అచ్ఛోద సరస్సు ఒడ్డున తపస్సు చేస్తూ ఉండిపోవడం దానికి ఉదాహరణ. పుండరీకుడు వేరే జన్మలో, వేరే పేరుతో, పాత జ్ఞాపకం లేకుండా ఆమెకే ఎదురుపడతాడు. ఏడవ శతాబ్దపు సంస్కృత గద్యకావ్యానికీ 2002 నాటి సియోల్ ధారావాహికకూ చుట్టరికం ఉందని నేను అనను. పోయినవారు ముఖం మార్చుకునో పేరు మార్చుకునో తిరిగి వస్తే బాగుండునన్న కోరిక ఏ ఒక్క దేశానిదీ కాదని మాత్రమే అంటున్నాను.

అయితే మేడమీదగది గారు వేరు చేసిన రెండు అనుభవాలూ వేరువేరన్న మాట నిజమే. నాట్యశాస్త్రం 27వ అధ్యాయం ప్రదర్శన సిద్ధి గురించి, అంటే నాటకం పండిందని ఎలా తెలుస్తుందన్న విషయం గురించి చెబుతుంది. ప్రేక్షకులు నవ్వడం, ‘అహో’ అనడం, ‘కష్టం’ అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకోవడం, ఒళ్ళు గగుర్పొడవడం, ఆసనం మీంచి లేచి నిలబడడం, ఇవన్నీ మానుషి సిద్ధి. శబ్దం లేకుండా, క్షోభ లేకుండా, రంగస్థలం నిండుగా ఉండిపోతే అది దైవి సిద్ధి. మీ ఇరవై ఎపిసోడ్లది మొదటిది, ఆ ఫోటో స్టూడియోది రెండవది.

మేడమీదగది

పంతులుగారిమనవడు గారూ, మీ వివరణకు కృతజ్ఞతలు. నాకు ఒక్క అభ్యంతరం ఉంది. మానుషి అన్నంత మాత్రాన దాన్ని కింది మెట్టు అనుకోవలసిన పని లేదు కదా? మనుషులం మనుషులలాగే ఏడుస్తాం.

నేలటికెట్టు గారు ఉదహరించిన హాంకాంగ్ సినిమాలోనే ఆయన వాదానికి జవాబు దొరుకుతుంది. ఒకరి భార్యా, ఇంకొకరి భర్తా తమలో తాము సంబంధం పెట్టుకున్నారని తెలుసుకున్న పక్కపక్క ఇళ్ళ ఇద్దరు, తాము అలా కాకూడదనుకుంటూనే దగ్గరవుతారు. అతను ఊరు వదిలి వెళ్ళాలని నిర్ణయించుకున్నాక, ఆ రోజు ఎలా ఉంటుందో ముందే ఒకసారి నటించి చూద్దామనుకుంటారు. అతను ఆమె చెయ్యి వదిలి నడిచి వెళ్ళిపోతాడు. అంతే, ఆమె అతని భుజం మీద పడి వెక్కివెక్కి ఏడుస్తుంది. ఇది రిహార్సల్ మాత్రమేనని అతను ఓదార్చవలసి వస్తుంది. జరగని వీడ్కోలుకు ఏడ్చింది కనుక ఆమె ఏడుపు ఉత్తిదని ఎవరైనా అనగలరా? మనం చేసేదీ అదే. మనకు జరగనిదాన్ని, ఒకనాడు జరగబోయేదాన్ని, సోఫాలో కూర్చుని ముందుగా అభ్యాసం చేస్తున్నాం. బాణీ మరొక సినిమా నుంచి అరువు వచ్చిందా లేదా అన్నది మెట్లు దిగుతున్న ఆ మనిషికి సంబంధించిన విషయం కాదు.

చివరిబస్సు

ఒసాకాలో ఆరేళ్ళు ఉద్యోగం చేశాను. అందువల్ల ‘వింటర్ సొనాటా’ గురించి జపాను వైపు నుంచి రెండు మాటలు చెప్పగలను. జపాను ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే దాన్ని 2003లో ఉపగ్రహ ఛానల్లోనూ, మరుసటి సంవత్సరం అందరికీ అందే ప్రధాన ఛానల్లోనూ ప్రసారం చేసింది. 2004 నవంబరులో కథానాయకుడు బే యోంగ్-జూన్ నరీతా విమానాశ్రయంలో దిగినప్పుడు వేల మంది వచ్చారు. వారిలో ఎక్కువ మంది నడివయసు దాటిన గృహిణులు. వారిని చూసి నవ్వినవారికి కొదవ లేదు. ఫుట్‌బాల్ పోటీలో ఓడిపోయి మగవారు ఏడిస్తే అది దేశభక్తి అవుతుంది. అరవై ఏళ్ళ ఆవిడ తన తొలి యౌవనాన్ని తలుచుకుని ఏడిస్తే మాత్రం పిచ్చి అవుతుంది. ఉత్తి కన్నీళ్ళు, నిజమైన కన్నీళ్ళు అనే ఈ విభజన వెనక, ఎవరి కన్నీళ్ళు అన్న ప్రశ్న ఎప్పుడూ దాగి ఉంటుందని నా అనుమానం.

నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు డెబ్బై దాటినావిడ. ఆ ధారావాహిక చూశాకే కొరియన్ లిపి నేర్చుకోవడం మొదలుపెట్టానని చెప్పేది. అంతకుముందు కొరియన్లంటే తన చిన్నతనంలో పెద్దవాళ్ళు అన్న చులకన మాటలే తనకు తెలుసునని కూడా, తల దించుకుని, చెప్పింది. 1910 నుంచి 1945 దాకా ఏలిన దేశంలోని మనిషి, ఏలబడిన దేశపు అబ్బాయి కోసం ఏడ్చింది. నేలటికెట్టు గారు చెప్పిన అచ్చు సముద్రం దాటి అటు వెళ్ళింది నిజమే. తొంభై ఏళ్ళ తరువాత తిరుగు ప్రయాణంలో అది ఏం మోసుకొచ్చిందో కూడా లెక్కలో వేయాలి.

ప్రేమకథ కాకపోయినా ఒక సినిమా చెప్పి ముగిస్తాను. జపాను దర్శకుడు ఓజు తీసిన ‘టోక్యో స్టోరీ’ (1953) లో ఒనోమిచి నుంచి పిల్లల్ని చూడవచ్చిన ముసలి దంపతులను, తీరిక లేని బిడ్డలు అటామి వేడినీటి బుగ్గలకు పంపించేస్తారు. (అవును, అదే అటామి. వజ్రపుటుంగరం కోసం విడిపోయిన జంటకు అక్కడ విగ్రహం కూడా ఉంది.) రాత్రంతా పక్క గదుల గోలతో నిద్ర పట్టని ఆ ఇద్దరూ తెల్లవారి సముద్రపు గట్టు మీద కూర్చుంటారు, ఆవిడ లేవబోతూ ఒక్క క్షణం తూలుతుంది. దర్శకుడు దాని మీద ఏ సంగీతమూ కుమ్మరించడు. నేను అక్కడ ఏడ్చాను. నా పక్కన కూర్చున్న స్నేహితుడికి నిద్ర వచ్చింది. ఏడ్వనివ్వని కథలని మీరు అంటున్నవి అందరినీ ఏడ్వనివ్వనివి కావు. ఎవరు ఎక్కడ ఏడవాలో ముందుగా చెప్పనివి.

ఎపిసోడ్16

హాన్ గురించి తెలియదు, సరిదిద్దినందుకు ధన్యవాదాలు. అయితే ఈ ధారావాహికల్లో అబ్బాయి అమ్మాయి మణికట్టు పట్టుకుని బరబరా లాక్కెళ్ళడం చూసి కూడా మనం కరిగిపోతున్నామే, దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

మేడమీదగది

మాట్లాడవలసిందే. ఆ దృశ్యాలకు కరిగిన రోజులు నాకూ ఉన్నాయి. ఇప్పుడు చూస్తే ఒళ్ళు మండుతుంది. కన్నీరు ఉత్తిది కాదన్నాను గానీ, కన్నీరు ఎప్పుడూ సరైన చోటే రాలుతుందని అనలేదు.

నేలటికెట్టు

రిహార్సల్ దృశ్యం ఎత్తి నా నోరు సగం మూయించారు, ఒప్పుకుంటున్నాను. మిగతా సగం మాత్రం తెరిచే ఉంటుంది: ఆవిడ పోగొట్టుకోబోయేది ఎదురుగా నిలబడి ఉంది. మనం పోగొట్టుకునేది రాత్రి నిద్ర. పదహారు గంటల కథను మూడు రాత్రుల్లో ముగించి, ఎర్రబడిన కళ్ళతో ఆఫీసుకు వెళ్ళి, వెంటనే ఇంకొక ఏడుపు వెతుక్కునేవారిని మా ఇంట్లోనే చూస్తున్నాను. అభ్యాసం అంటే ఎప్పుడో ఒకప్పుడు ఆగాలి కదా.

అయినా మీ మాటలు చదువుతుంటే దుకాణం రోజులలో ఒక సంగతి గుర్తుకొచ్చింది. ఒకావిడ రెండు మూడు నెలలకు ఒకసారి వచ్చి ఎప్పుడూ ఒకే క్యాసెట్టు తీసుకెళ్ళేది. పాత విషాద ప్రేమకథ. మా దగ్గర రివైండ్ చేయకుండా తెస్తే రెండు రూపాయలు అదనంగా కట్టాలి. ఆవిడ ప్రతిసారీ రివైండ్ చేయకుండానే తెచ్చి, మాట్లాడకుండా రెండు రూపాయలు కట్టేది. నేను టేపు మెషీన్లో పెట్టి చూస్తే ఎప్పుడూ ఇంచుమించు ఒకేచోట ఆగి ఉండేది: కథానాయకుడు చనిపోవడానికి నాలుగైదు నిమిషాల ముందు. ఆవిడ ఏడవడానికి తీసుకెళ్ళేదో, ఆ చావు జరగకుండా ఆపడానికి తీసుకెళ్ళేదో నాకు తెలియదు. ఒకరోజు అడుగుదామని నోటిదాకా వచ్చింది. చిల్లర వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.